పరాయి క్వాంటం యంత్రానికి మన లెక్క అప్పగిస్తే: హక్కులు, నియమాలు

ఐబీఎం సంస్థ 2016 మే నెలలో అయిదు క్యూబిట్ల (క్వాంటం బిట్ల) చిన్న యంత్రాన్ని ఇంటర్నెట్ ద్వారా అందరికీ అందుబాటులో పెట్టింది. ఆనాటి నుంచి ఇవాళ్టిదాకా క్వాంటం కంప్యూటర్ వాడటమంటే దాదాపుగా వేరేవాళ్ల యంత్రాన్ని దూరం నుంచి వాడుకోవడమే. అలాంటి యంత్రాన్ని కొని, నిలబెట్టి, నడపగల స్తోమత ప్రపంచంలో కొద్దిమందికే ఉంది. అమరావతి క్వాంటం వ్యాలీలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్‌తో క్వాంటం సిస్టమ్ టూను నెలకొల్పుతామని 2025 మేలో ఐబీఎం, టీసీఎస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించాక ఈ సంగతి మనకు మరింత దగ్గరైంది. యంత్రం అమరావతిలో ఉన్నా అమెరికాలో ఉన్నా వాడుకునేవారికి అది పరాయిదే.

కింది జవాబుల్లో రెండు రకాల నియమాలు కలగలిసి వస్తాయి. కొన్ని పార్లమెంటు చేసినవి, కొన్ని గణితం చేసినవి. చట్టం తప్పు జరిగాక అడుగుతుంది. గణితం తప్పు జరగకుండా అడ్డుపడుతుంది, లేదా జరిగిన తప్పును అక్కడికక్కడే పట్టిస్తుంది. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టే అనుకోవద్దని ముందే చెబుతున్నాను. ఆ పొరపాటుకు మూల్యం చెల్లించేది వాడుకరే.

నేను పంపే సర్క్యూట్‌ను యంత్రం యజమాని చూడగలరా?

చూడగలరు. సర్క్యూట్ అంటే మీ లెక్కను గేట్ల వరసగా రాసిన ఆదేశాల జాబితా. మీ కంప్యూటర్ నుంచి వాళ్ల సర్వర్ దాకా దారిలో ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. అక్కడికి చేరాక దాన్ని విప్పక తప్పదు. మీ సర్క్యూట్‌ను ఆ చిప్ మీది క్యూబిట్ల అమరికకు తగ్గట్టు మార్చి, మైక్రోవేవ్ లేదా లేజర్ పల్సులుగా తయారు చేస్తేనే యంత్రం నడుస్తుంది. ఏ గేటు తర్వాత ఏ గేటు, ఏ కోణంలో, ఎన్నిసార్లు అన్నదంతా వాళ్ల సాఫ్ట్‌వేర్‌కు తేటతెల్లంగా కనిపిస్తుంది. ఫలితాలూ అంతే. ఒక ఔషధ అణువు శక్తిస్థాయిలను లెక్కగట్టే సర్క్యూట్‌లోని కోణాలను చూస్తే, ఆ రంగం తెలిసినవాళ్లకు ఏ అణువు మీద పని జరుగుతోందో చాలావరకు అర్థమవుతుంది.

యజమాని మంచివాళ్లయినంత మాత్రాన ముప్పు తీరదు. లోపలి ఉద్యోగి, బయటి చొరబాటుదారు, అదే చిప్‌ను వాడుతున్న మరో వాడుకరి కూడా ఉన్నారు. ఒకే చిప్ మీద ఇద్దరి పనులు పక్కపక్కన నడిపితే ఒకరి క్యూబిట్ల అలజడి రెండోవారి క్యూబిట్లను తాకుతుంది. దీన్ని క్రాస్‌టాక్ అంటారు. యంత్రాన్ని నడిపే ఎలక్ట్రానిక్ పరికరాల విద్యుత్ వాడకంలోని హెచ్చుతగ్గులు గమనించి, లోపల ఏ సర్క్యూట్ నడుస్తోందో ఊహించే అవకాశం ఉందని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో వివరించారు.

చూడొద్దని, బయటపెట్టొద్దని అడిగే హక్కు నాకుందా?

ఉంది. కానీ అది ఎక్కువగా మీరు సంతకం చేసిన ఒప్పందంలోనే ఉంది. మన దేశంలో వాణిజ్య రహస్యాల రక్షణకు ప్రత్యేక చట్టం లేదు. ఒప్పందాల చట్టం, విశ్వాసభంగం మీద కోర్టులు ఇచ్చిన తీర్పులే ఆధారం. ప్రత్యేక చట్టం కావాలని లా కమిషన్ 2024 మార్చిలో తన 289వ నివేదికలో సిఫార్సు చేసి, ముసాయిదా బిల్లును కూడా జత చేసింది. సర్క్యూట్ నిర్మాణం లాంటి మేధోశ్రమకు అలాంటి చట్టం వెంటనే అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను. పేటెంటు వైపు చూద్దామంటే పేటెంట్ల చట్టం సెక్షన్ 3(కె) అల్గారిథమ్‌లకు, గణిత పద్ధతులకు తలుపు మూసేసింది. కాబట్టి మీ కొత్త క్వాంటం అల్గారిథమ్‌కు గోప్యతే ప్రధాన రక్షణ. దాన్ని తెరిచి పంపుతున్నారంటే మీ ఆస్తిని ఒప్పందంలోని కొన్ని వాక్యాల మీద పెట్టి పంపుతున్నారన్నమాట.

వ్యక్తిగత సమాచారం విషయంలో చట్టం కొంచెం బలంగా ఉంది. ఒప్పందం కింద చేతికొచ్చిన ఇతరుల వ్యక్తిగత సమాచారాన్ని, నష్టం కలిగించాలనే ఉద్దేశంతోనో కలుగుతుందని తెలిసో, అనుమతి లేకుండా బయటపెట్టినవారికి ఐటీ చట్టం సెక్షన్ 72ఎ కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు.

మాది ఆసుపత్రి. రోగుల డేటాతో క్వాంటం లెక్క చేయిస్తే బాధ్యత ఎవరిది?

మీదే. డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టం, 2023 ఈ విషయంలో శషభిషలకు తావివ్వలేదు. డేటాను ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేది మీరు కనుక, మీ తరఫున ఆ డేటాను తాకిన ప్రతి సంస్థ చేసిన పనికీ మీరే జవాబుదారీ. ఒప్పందంలో మరోలా రాసుకున్నా ఇది మారదు. సరైన ఒప్పందం లేకుండా వేరేవాళ్లకు ఆ పని అప్పగించనూ కూడదు. తగిన భద్రతా చర్యలు తీసుకోలేదని తేలితే జరిమానా రూ. 250 కోట్ల దాకా వెళ్లవచ్చు. చట్టం కింది నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఆ నోటిఫికేషన్ల ప్రకారం ఈ ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. అప్పటిదాకా వైద్య రికార్డుల వంటి సున్నిత సమాచారానికి ఐటీ చట్టం సెక్షన్ 43ఎ, దాని కింద 2011లో వచ్చిన నియమాలు వర్తిస్తాయి.

పరిశోధనకు, గణాంకాలకు చట్టంలో మినహాయింపు ఉంది. అయితే ఆ డేటాను బట్టి ఏ ఒక్క రోగి గురించీ నిర్ణయం తీసుకోకూడదు, నిర్దేశించిన ప్రమాణాలను పాటించాలి. యంత్రం విదేశంలో ఉంటే ఇంకో మాట: కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిషేధించిన దేశాలకు డేటా పంపకూడదు.

నా సలహా వేరే ఉంది. వ్యక్తిని గుర్తించగల వివరాలేవీ క్వాంటం యంత్రందాకా వెళ్లనివ్వొద్దు. నేటి యంత్రాలు పెద్ద డేటాను మింగలేవు. అవి చేసే పనికి సంఖ్యలు చాలు, పేర్లతో, ఆధార్‌తో వాటికి పనిలేదు.

చట్టం మీద ఆధారపడకుండా, యంత్రానికే కనిపించని విధంగా లెక్క చేయించుకోవచ్చా?

సిద్ధాంతంలో చేయించుకోవచ్చు. ఈ రంగం మొత్తంలో నన్ను అత్యంత ఆశ్చర్యపరిచే జవాబు ఇదే.

2001లో ఆండ్రూ చైల్డ్స్ తొలి దారి చూపారు. క్యూబిట్‌ను పంపేముందు రెండు రహస్య బిట్లను బట్టి దాన్ని తారుమారు చేస్తే, ఆ రెండు బిట్లు తెలియని వారికి అందులో ఏమీ మిగలదు. అయితే ఆ పద్ధతిలో క్లయింట్ దగ్గర, అంటే లెక్క పంపేవారి దగ్గర, కూడా క్యూబిట్లను నిలవ చేసుకునే మెమరీ ఉండాలి. 2009లో ఆన్ బ్రాడ్‌బెంట్, జోసెఫ్ ఫిట్జ్‌సైమన్స్, ఎల్హామ్ కషేఫీ ఆ బరువును దించేశారు. వాళ్ల పద్ధతిని బ్లైండ్ క్వాంటం కంప్యూటింగ్ అంటారు.

అందులో క్లయింట్ చేయాల్సింది చాలా తక్కువ. ఒక్కో క్యూబిట్‌ను ఎనిమిది దిశల్లో ఏదో ఒక దిశకు యాదృచ్ఛికంగా తిప్పి పంపాలి, ఏ దిశకు తిప్పారో రాసిపెట్టుకోవాలి. సర్వర్ అలా వచ్చిన క్యూబిట్లన్నిటినీ ఒకదానితో ఒకటి ఎంటాంగిల్ చేసి (ముడివేసి) పెద్ద వలగా అల్లుతుంది. తర్వాత క్లయింట్ వరసగా ఒక్కో క్యూబిట్‌ను ఏ కోణంలో కొలవాలో చెబుతూ పోతారు. సర్వర్ కొలిచి, వచ్చిన సున్నానో ఒకటినో తిరిగి చెబుతుంది. దాన్ని చూసి తర్వాతి కోణం నిర్ణయించాలి. ఈ కొలతల వరసే లెక్క.

కిటుకు అంతా క్లయింట్ చెప్పే కోణంలో ఉంది. అందులో మూడు సంఖ్యలు కలిసిపోయి ఉంటాయి. లెక్కకు నిజంగా కావలసిన కోణం ఒకటి, క్యూబిట్‌ను ముందే రహస్యంగా తిప్పిన కోణం రెండోది, యాదృచ్ఛికంగా కలిపే లేదా వదిలేసే 180 డిగ్రీల మలుపు మూడోది. సర్వర్‌కు మొత్తం మాత్రమే తెలుసు. దానికి ఎనిమిది కోణాలూ సమాన అవకాశంతో వస్తున్నట్టే కనిపిస్తాయి. మూడో మలుపు వల్ల తను కొలిచిన ఫలితం సున్నా అయినా ఒకటి అయినా, దాని అసలు అర్థమేమిటో కూడా సర్వర్‌కు తెలియదు. పోనీ క్యూబిట్‌కు నకళ్లు తీసి తీరిగ్గా పరీక్షిద్దామా అంటే, తెలియని క్వాంటం స్థితికి నకలు తీయడం అసాధ్యమని వూటర్స్, జూరెక్ 1982లోనే నిరూపించారు.

ఈ గోప్యత సర్వర్ బలం మీద ఆధారపడదు. రేపు ఎంత పెద్ద కంప్యూటర్ వచ్చినా ఈనాటి సంభాషణను విప్పలేదు. మనం రోజూ వాడే ఎన్‌క్రిప్షన్‌లో చాలా రకాలకు ఈ భరోసా లేదు.

అయితే ఏ సమాచారమూ లీక్ కాదా?

లెక్క ఎంత పెద్దదో తెలిసిపోతుంది. ఎన్ని క్యూబిట్లు పంపారు, ఎన్ని దశలు నడిచాయి అన్నది దాచలేరు. కావాలంటే వృథా దశలు చేర్చి అసలు పరిమాణాన్ని పెద్దదిగా చూపవచ్చు, చిన్నదిగా చూపలేరు. ఎవరు, ఎప్పుడు, ఎంత తరచుగా వాడుతున్నారన్నది బిల్లింగ్‌లోనే ఉంటుంది. క్లయింట్ పరికరం తాను తిప్పిన కోణాన్ని మరో విధంగా బయటపెడితే, ఉదాహరణకు క్యూబిట్‌ను మోసే ఒక ఫోటాన్ (కాంతికణం) బదులు ఒకేలాంటివి రెండు పంపితే, నిరూపణ చెప్పిన షరతు తప్పినట్టే. కాగితం మీది గోప్యతకూ ప్రయోగశాలలోని గోప్యతకూ ఉన్న దూరం అక్కడే ఉంది.

జవాబు తప్పు ఇస్తే ఎలా తెలుసుకోవాలి?

కొన్ని లెక్కలకు చింత లేదు. పెద్ద సంఖ్యను ప్రధాన కారణాంకాలుగా విడగొట్టే షోర్ అల్గారిథమ్ జవాబును గుణించి చూస్తే చాలు, ల్యాప్‌టాప్‌లో క్షణం పట్టదు. కానీ క్వాంటం కంప్యూటర్ మీద ఆశలు ఎక్కువగా పెట్టుకున్న రసాయన శాస్త్రంలో, పదార్థ శాస్త్రంలో వచ్చే జవాబులకు సాధారణంగా అలాంటి సులువైన పరీక్ష లేదు. మామూలు కంప్యూటర్‌తో సరిచూడగలిగితే క్వాంటం యంత్రం దగ్గరికి వెళ్లేవాళ్లమే కాదు. ఈ చిక్కు వల్లే, యంత్రం నిజంగా లెక్క చేసిందా, ఏదో ఒక సంఖ్య ఇచ్చేసిందా అని అడగడం వాడుకరి హక్కుల్లో మొదటిది కావాలంటాను.

పరిష్కారం బ్లైండ్ పద్ధతిలోనే దొరికింది. ఫిట్జ్‌సైమన్స్, కషేఫీ 2012లో దాన్ని ప్రతిపాదించారు. దిద్దేవాళ్ల జాగ్రత్తను పరీక్షించాలంటే, ముందే మార్కులు తెలిసిన జవాబు పత్రాలను గుర్తు తెలియకుండా కట్టలో కలిపి మూల్యాంకనానికి పంపితే చాలు కదా. ఇక్కడా అంతే. క్లయింట్ తనకు జవాబు ముందే తెలిసిన ట్రాప్ క్యూబిట్లను అక్కడక్కడా పెడతారు. లెక్క కనిపించదు కాబట్టి ఏది అసలు క్యూబిట్, ఏది ట్రాప్ అన్నది సర్వర్‌కు తెలియదు. అడ్డదిడ్డంగా చేస్తే ఎక్కడో ఒక ట్రాప్ తప్పు జవాబు ఇస్తుంది. ఎన్ని ట్రాపులు, ఎలా పెట్టారన్నదాన్ని బట్టి, మోసం దొరక్కుండా పోయే అవకాశాన్ని కావలసినంత తగ్గించుకోవచ్చు. గోప్యత ఉంటేనే తనిఖీ సాధ్యమవుతోందని గమనించండి. దాచడం కేవలం పిరికితనమో అనుమానమో కాదు, దాని మీదే నిజాయతీ పరీక్ష నిలబడి ఉంది.

నేటి యంత్రాలకు ఒక ఇబ్బంది ఉంది. మోసం చేయకపోయినా వాటిలో దోషాలు సహజం. ప్రతి చిన్న దోషానికీ పరీక్ష విఫలమైందంటే ఏ యంత్రమూ నెగ్గదు. 2021లో లైచ్‌ల్, మ్యూజిక్, కషేఫీ, ఒలివియే దీనికి వాడుకకు దగ్గరగా ఉండే ఉపాయం చెప్పారు. అవును-కాదు జవాబులుండే లెక్కలకు ఒక్కో యంత్ర నడకలోనే ట్రాపులు దూర్చకుండా, కొన్ని నడకలను పూర్తిగా పరీక్షలుగా, మిగతావాటిని లెక్కలుగా కలిపి పంపుతారు. ఏది ఏదో సర్వర్‌కు తెలియదు. పరీక్షల్లో తప్పులు ముందే ఒప్పుకున్న హద్దు లోపల ఉంటే, లెక్కల్లో ఎక్కువసార్లు వచ్చిన జవాబును తీసుకుంటారు. హద్దు దాటితే మొత్తం కొట్టేస్తారు. యంత్రం పెద్దది కానక్కర్లేదు, ఎక్కువసార్లు నడిస్తే చాలు.

నా దగ్గర ల్యాప్‌టాప్ తప్ప ఏమీ లేదు. ఫోటాన్లు పంపలేను. నాకు హక్కు లేనట్టేనా?

ఇది చాలామంది పరిస్థితి. ఇప్పటి క్లౌడ్ సేవల్లో క్లయింట్ చేయగలిగింది మామూలు ఫైలు పంపడం ఒక్కటే. క్వాంటం శక్తి లేని మనిషి క్వాంటం యంత్రాన్ని తనిఖీ చేయగలరా అన్నది చాలా ఏళ్లు తెగని ప్రశ్న. 2018లో ఊర్మిళా మహాదేవ్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ క్యాంపస్‌లో పరిశోధన చేస్తూ, చేయగలరని నిరూపించారు. ఆ ఏడాది కంప్యూటర్ సైన్స్ రంగపు ఫాక్స్ సదస్సులో ఉత్తమ పత్రం, ఉత్తమ విద్యార్థి పత్రం పురస్కారాలు రెండూ ఆ ఒక్క పనికే దక్కాయి.

ఆ పద్ధతి సారం ఇది. క్లయింట్ ఒక ప్రత్యేక ఫంక్షన్‌ను పంపుతారు. దానిలో ప్రతి ఫలితానికీ సరిగ్గా రెండు మూలాలు ఉంటాయి. క్లయింట్ దగ్గర రహస్య తాళం ఉంది కనుక రెండూ కనిపెట్టగలరు. తాళం లేని సర్వర్‌కు, అది క్వాంటం యంత్రమైనా సరే, రెండు మూలాలనూ కలిపి రాబట్టడం సాధ్యం కాదు. కానీ నిజమైన క్వాంటం యంత్రం ఆ రెండు మూలాల సూపర్‌పొజిషన్‌ను, అంటే రెండూ కలగలిసిన స్థితిని, తన లోపల నిలుపుకోగలదు. ముందుగా ఫలితాన్ని పంపించమంటారు. దాంతో సర్వర్ ఒక స్థితికి కట్టుబడిపోతుంది, ఇక మాట మార్చలేదు. అప్పుడు క్లయింట్ రెండు రకాల ప్రశ్నల్లో ఏదో ఒకటి వేస్తారు. ఒకటి పరీక్ష, రెండోది లెక్కకు కావలసిన కొలత. ఏది వస్తుందో ముందే తెలియని సర్వర్ రెండింటికీ సిద్ధంగా ఉండాలంటే నిజంగా లెక్క చేయడం తప్ప దారి లేదు.

దీనికి రెండు షరతులున్నాయి. మొదటిది, భద్రత ఒక గణిత నమ్మకం మీద ఆధారపడింది. 2005లో ఓడెడ్ రెగెవ్ ప్రవేశపెట్టిన, లాటిస్‌లకు సంబంధించిన ఎల్‌డబ్ల్యూఈ సమస్యను క్వాంటం కంప్యూటర్లు కూడా వేగంగా ఛేదించలేవన్నదే ఆ నమ్మకం. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024 ఆగస్టులో ప్రకటించిన ఎంఎల్-కెమ్ ఎన్‌క్రిప్షన్ ప్రమాణమూ అదే కుటుంబం మీద నిలిచింది. రెండో షరతును చాలామంది మరచిపోతారు. ఈ పద్ధతి తనిఖీకి పుట్టింది, దానంతట అది లెక్కను దాచదు. దాచాలంటే, డేటాను విప్పకుండానే దాని మీద లెక్క చేయనిచ్చే, క్వాంటం సర్క్యూట్లకు పనికొచ్చే హోమోమార్ఫిక్ ఎన్‌క్రిప్షన్‌ను జోడించాలి. ఆ దారి తెరిచిన పని కూడా 2018లో మహాదేవ్‌దే.

ల్యాప్‌టాప్‌తో మాత్రమే పనిచేస్తూ, ఏ గణిత నమ్మకం మీదా ఆధారపడని సంపూర్ణ గోప్యత కావాలంటే మాత్రం ఆశ తక్కువ. అది దొరకడం దాదాపు అసంభవమని ఆరన్సన్, కొజోకారు, జార్జియు, కషేఫీ బలమైన సాక్ష్యం చూపారు.

ఒక యంత్రాన్ని నమ్మలేనప్పుడు రెండు యంత్రాలను నమ్మవచ్చా?

నమ్మనక్కర్లేదు, విడివిడిగా ప్రశ్నిస్తే చాలు. 2013లో రైకార్ట్, ఉంగర్, ఉమేష్ వజీరాని ఈ దారి చూపారు. ఎంటాంగిల్ అయిన క్యూబిట్లను పంచుకున్న రెండు యంత్రాల మధ్య మాటలు లేకుండా చేసి, రెండింటినీ వేర్వేరుగా అడుగుతారు. క్వాంటం స్వభావాన్ని తేల్చే బెల్ పరీక్షల్లో ఒకటైన సీహెచ్ఎస్‌హెచ్ ఆటలో మామూలు యంత్రాలు నూటికి 75 సార్లకు మించి నెగ్గలేవు. క్వాంటం యంత్రాలు 85 సార్లకు కాస్త పైదాకా వెళ్లగలవు. ఆ గరిష్ఠానికి చేరువగా నెగ్గాయంటే లోపల ఏ స్థితి ఉందో, ఏం కొలిచాయో కూడా తేలిపోతుంది. క్లయింట్‌కు క్వాంటం పరికరం అక్కర్లేదు, లాటిస్ నమ్మకమూ అక్కర్లేదు. కానీ రెండు యంత్రాలూ ఒకే సంస్థవి అయితే అవి మాట్లాడుకోలేదని ఎవరు హామీ ఇస్తారు? ఒప్పందంలో రాస్తే చాలదు. వెలుతురు కూడా అటు నుంచి ఇటు చేరలేనంత తక్కువ సమయంలో జవాబులు తీసుకోవాలి.

ఇవన్నీ ఇవాళ డబ్బు కట్టి తీసుకోగలమా?

పెద్ద లెక్కలకు తీసుకోలేం. జరిగిన పని మాత్రం చిన్నది కాదు. వియన్నాలో 2012లో నాలుగు ఫోటాన్లతో బ్లైండ్ కంప్యూటింగ్‌ను చేసి చూపారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ బృందం 2024లో ఇంకో అడుగు వేసింది. సర్వర్‌గా బంధించిన అయాన్లను వాడి, క్లయింట్ దగ్గర ఫోటాన్లను కొలిచే చిన్న పరికరం మాత్రమే పెట్టి, రెండింటినీ ఆప్టికల్ ఫైబర్‌తో కలిపి, గోప్యతనూ తనిఖీనీ ఒకేసారి సాధించింది.

ఇంటర్నెట్ మీదుగా, నమ్మని యంత్రం నుంచి పనికొచ్చే ఫలితం రాబట్టిన ఉదాహరణ 2025 మార్చిలో నేచర్ పత్రికలో వచ్చింది. జేపీమోర్గాన్ చేజ్, క్వాంటినమ్, మరికొన్ని అమెరికా సంస్థల పరిశోధకులు 56 క్యూబిట్ల యంత్రానికి కఠినమైన సర్క్యూట్లు పంపి, మామూలు కంప్యూటర్‌తో అనుకరించే వ్యవధి లేనంత త్వరగా జవాబులు అడిగారు. అలా 71,313 బిట్ల యాదృచ్ఛికతను ధ్రువీకరించారు. అయితే ఆ జవాబులను సరిచూడటానికి సూపర్ కంప్యూటర్లు అవసరమయ్యాయి. మన కాలేజీ ప్రయోగశాలకు అందే తనిఖీ కాదది.

అందుకని నేటి వాడుకరి చేయగలిగింది ట్రాపుల ఆలోచనను అరువు తెచ్చుకోవడం. జవాబు తెలిసిన చిన్న సర్క్యూట్లను మీ పనుల మధ్యలో కలిపి పంపండి. ఆకారంలో అసలు సర్క్యూట్లను పోలి ఉండాలి, పేర్లలో తేడా కనిపించకూడదు. ఒకే లెక్కను వేర్వేరు రోజుల్లో, వీలైతే వేరే సంస్థ యంత్రం మీద కూడా నడపండి. ఇది నిరూపణ కాదు. సర్క్యూట్ కనిపిస్తున్నంతకాలం మొండి మోసగాడికి దొరక్కుండా తప్పించుకునే వీలుంది. నిర్లక్ష్యాన్ని, పాడైన క్యాలిబ్రేషన్‌ను మాత్రం బాగానే పట్టిస్తుంది.

లెక్క కనిపించకుండా పంపితే సేవాసంస్థ నిరాకరించవచ్చా? ప్రభుత్వం అడిగితే?

నిరాకరించవచ్చు. ఏ ప్రోటోకాలూ సర్వర్‌ను బలవంతంగా పనిచేయించలేదు. యంత్రం ఆపేయడాన్ని, మధ్యలో వదిలేయడాన్ని గణితం ఆపదు, దానికి ఒప్పందమే దిక్కు. సంస్థ వైపు నుంచి కూడా చూడాలి. ఎవరి ఎన్‌క్రిప్షన్‌నైనా ఛేదించడానికి తమ యంత్రాన్ని వాడుతున్నారేమోనన్న భయం న్యాయమైనదే. వాడుకరి ఎవరో తెలుసుకునే హక్కు, నిషిద్ధ వాడకాలను ఒప్పందంలో రాసుకునే హక్కు వాళ్లకు ఉండాలి. ప్రతి సర్క్యూట్‌నూ తెరిచి చూసే హక్కు మాత్రం ఉండకూడదు.

ఐటీ చట్టం సెక్షన్ 69 కింద, దేశ భద్రత వంటి చట్టంలో చెప్పిన కారణాలకు, సమాచారాన్ని డీక్రిప్ట్ చేసి ఇవ్వడంలో సాయపడమని ప్రభుత్వం ఆదేశించగలదు. సహకరించకపోతే ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. బ్లైండ్ పద్ధతిలో తాళం సర్వర్ దగ్గర లేదు, మీ దగ్గరే ఉంది. కాబట్టి ఆ ఆదేశం మీ గడపకే రావచ్చని తెలుసుకుని ఉండండి.

ఉచిత ఖాతాతో వాడుతున్న విద్యార్థిని. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చా?

కష్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఉచితంగా ఇచ్చే సేవ ఆ చట్టం దృష్టిలో సేవే కాదు. డబ్బు కట్టిన కంపెనీ అయితే వాణిజ్య అవసరానికి కొన్నారన్న అభ్యంతరం అడ్డొస్తుంది. బతుకుతెరువు కోసం స్వయం ఉపాధిగా చేసుకునేవారికి అందులో మినహాయింపు ఉంది. విద్యార్థులకు ఈ దారి మూసుకుపోవడం నాకు బాధగానే ఉంది, ఎందుకంటే రేపటి పేటెంట్లు, పరిశోధన పత్రాలు మొలకెత్తేది ఈ ఉచిత ఖాతాల్లోనే. ప్రచురించని ఆలోచనను ఉచిత ఖాతాలో నడపవద్దు. మీ కాలేజీ పేరుమీద గోప్యత నిబంధన ఉన్న ఖాతా ఇప్పించమని విభాగాధిపతిని అడగండి.

క్వాంటం యంత్రం ఇచ్చిన ఫలితం కోర్టులో చెల్లుతుందా?

ఎలక్ట్రానిక్ రికార్డుగా ముందుకు తేవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం దానికి ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా రాయాలి. ఇవి ఫైలును తర్వాత ఎవరూ మార్చలేదని చెబుతాయి. లోపలి లెక్క సరైనదేనని చెప్పవు. ఆ రెండో మాట చెప్పగలిగేది ట్రాపుల ఫలితాల వంటి తనిఖీ రికార్డే.

ఒప్పందంలో ఏమేం రాయించుకోవాలి?

సర్క్యూట్, ఇన్‌పుట్, ఫలితం మూడూ గోప్య సమాచారమని ముందుగా రాయించండి. చాలా ఒప్పందాలు డేటా అని మాత్రమే అంటాయి, సర్క్యూట్ అందులోకి వస్తుందా రాదా అన్న గొడవ తర్వాత వస్తుంది. సేవను మెరుగుపరచడానికి మీ పనులను పరిశీలిస్తామన్న వాక్యం కనిపిస్తే దాన్ని కొట్టేయించండి, కుదరకపోతే మొత్తంగా తీసిన గణాంకాలకే పరిమితం చేయించండి. మీ పని నడుస్తుండగా అదే చిప్ మీద ఇంకొకరి పని నడపకూడదని అడగండి. దీనికి ధర ఎక్కువ చెప్పినా విలువైన పనికి అది దండగ కాదు.

ఏ యంత్రం మీద, ఏ సమయంలో, ఏ క్యాలిబ్రేషన్‌తో నడిచిందో ప్రతి పనికీ రికార్డు ఇవ్వాలి. చెప్పకుండా సిమ్యులేటర్ (క్వాంటం యంత్రాన్ని అనుకరించే మామూలు కంప్యూటర్) మీద నడపకూడదు. పరీక్ష సర్క్యూట్లు కలిపి పంపే హక్కు మీకు ఉందని, వాటిలో తప్పులు ఒప్పుకున్న హద్దు దాటితే ఆ విడత మొత్తానికి రుసుము తిరిగి ఇవ్వాలని రాయించండి. అంకురసంస్థలకు ఈ నిబంధన ఇవ్వడానికి పెద్ద కంపెనీలు మొదట్లో మొండికేయవచ్చు. పట్టు వదలొద్దు, ప్రభుత్వ సొమ్ముతో నిలబెట్టే యంత్రాల విషయంలో అసలే వదలొద్దు. జాతీయ క్వాంటం మిషన్‌కు కేంద్ర మంత్రివర్గం 2023 ఏప్రిల్‌లో రూ. 6,003.65 కోట్లు ఆమోదించింది. ప్రజల డబ్బుతో కొన్న యంత్ర సమయానికి తనిఖీ హక్కు ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

చొరబాటు జరిగితే మీకు ఎంతసేపట్లో చెబుతారో గంటల్లో రాయించండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంఘటన తెలిసిన ఆరు గంటల్లోపు సెర్ట్-ఇన్‌కు నివేదించాలి, లాగ్‌లు 180 రోజులు భద్రపరచాలి. సేవాసంస్థ మీకు రెండు రోజుల తర్వాత చెబితే మీ ఆరు గంటలు మొదలయ్యేసరికే ఆలస్యమైపోతుంది. వివాదం ఏ ఊరి కోర్టులో తేల్చుకోవాలన్నది కూడా సంతకానికి ముందే చూసుకోండి. ఆ వాక్యం సాధారణంగా చివరి పేజీలో ఉంటుంది.